హైదరాబాద్‌లో జనం అంతగా వెళ్లని దేవిడీలు, కోఠీలు చూడటం ఎలా

చౌమహల్లా, ఫలక్‌నుమా చూసి హైదరాబాద్ రాజభవనాలన్నీ చూసేశామని తిరిగి వెళ్లిపోయేవారే ఎక్కువ. 1724 నుంచి 1948 దాకా సాగిన అసఫ్ జాహీ పాలనలో నిజాములే కాకుండా, వారితో వియ్యమందిన ‘పైగా’ అనే వంశపు నవాబులు, దివానులుగా పనిచేసిన సాలార్‌జంగ్ వంశీకులు, రెవెన్యూ దస్తావేజుల బాధ్యత చూసిన కాయస్థ కుటుంబాలు, పెద్ద న్యాయమూర్తులు ఈ నగరంలో మహళ్లు కట్టుకున్నారు. వాటిలో చాలా పోయాయి, కొన్ని నిలిచాయి. నిలిచినవాటిలో ఒకదానిలో ప్రభుత్వ కార్యాలయాలు నడిచాయి, ఒకదానిలో బడి నడుస్తోంది, ఒకదానిలో శిక్షణ సంస్థ ఉంది, ఒకదాని ఆవరణలో ఆసుపత్రి ఉంది. వీటికి టికెట్టు కౌంటర్లు లేవు, దారి చూపే బోర్డులు లేవు. కాబట్టి ఏ రోజున బయలుదేరాలి, ఎవరిని అడగాలి, గేటు దగ్గరే ఆగిపోవలసి వస్తే బయటి నుంచి ఏం చూసుకోవాలి అన్నది ముందుగా తెలిసి ఉంటేనే ఈ ప్రయాణం ఫలిస్తుంది. ఏళ్ల తరబడి ఈ గేట్ల ముందు నిలబడి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మొదట చౌమహల్లాకే వెళ్లండి

ఎవరూ వెళ్లని చోట్ల గురించి చెబుతానని అందరూ వెళ్లే చోటితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. పాతబస్తీలో దేవిడీలు, అంటే నవాబుల ఇళ్లు, ముక్కలు ముక్కలుగా మిగిలాయి. ఒకచోట దర్వాజా ఉంటుంది, వెనక ఇల్లు ఉండదు. మరోచోట దివాన్ ఖానా, అంటే కొలువు గది ఉంటుంది, దాని ముందున్న పూలతోట చమన్‌లో ఇళ్లు లేచి ఉంటాయి. ముక్కను చూసి మొత్తాన్ని ఊహించుకోవాలంటే చెక్కుచెదరని నమూనా ఒక్కటైనా కళ్లతో చూసి ఉండాలి. ఆ నమూనా చౌమహల్లా. దక్షిణపు ప్రాంగణంలో నడుమ హౌజు అనే నీటి తొట్టి, దాని చుట్టూ నాలుగు మహళ్లు, ఆ వెనక దర్బారు జరిగిన ఖిల్వత్ ముబారక్, గడియారపు దర్వాజా, ఇవన్నీ ఒక వరుసలో ఎలా అమరి ఉన్నాయో నెమ్మదిగా నడిచి చూడండి. 18వ శతాబ్దం నడుమ మొదలైన ఈ నిర్మాణం అఫ్జలుద్దౌలా పాలించిన 1857-69 కాలానికి పూర్తయింది. జాగ్రత్తగా చేసిన పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా అందుకుంది.

అక్కడ మూడు విషయాలు గుర్తు పెట్టుకుంటే చాలు. మొదటిది, వీధిలో నిలబడి ఎంత తొంగి చూసినా లోపలి ముంగిలి కనిపించకపోవడం. దర్వాజాకు ఎదురుగా ఒక గోడో, దారిలో ఒక మలుపో ఉంటుంది. రెండవది, బయటివారు వచ్చిపోయే మర్దానాకు, ఆడవారు ఉండే జనానాకు మధ్య ఉన్న స్పష్టమైన ఎడం. మూడవది, నీటి తొట్టికీ గాలికీ ఉన్న సంబంధం: హౌజు మీదుగా వచ్చే గాలి తగిలేటట్టు దలానులు, అంటే కమానుల వరుసతో తెరిచి ఉన్న వసారాలు, కట్టారు. ఈ మూడూ పట్టుబడితే కూలిపోయిన దేవిడీలో కూడా ఏ గోడ దేనికి ఉండేదో చెప్పగలుగుతారు.

పేర్లలోనూ దారి దొరుకుతుంది. దేవిడీ అంటే మొదట ఇంటి ప్రధాన ద్వారం. హైదరాబాదీ వాడుకలో నవాబు ఇల్లంతటికీ అదే పేరయింది. హవేలీ అంటే ప్రాంగణాల చుట్టూ కట్టిన పెద్ద ఇల్లు. బారాదరీ అంటే పేరుకు పన్నెండు ద్వారాలు, వాడుకలో నలువైపులా తెరిచి ఉన్న కొలువు మండపం. మంజిల్, కోఠీ అన్న పేర్లు ఎక్కువగా మూసీకి ఉత్తరాన, ఐరోపా పద్ధతిలో కట్టిన భవనాలకు కనిపిస్తాయి. బాగ్ అని పేరున్న చోట ఒకప్పుడు తోట, ఆ తోటలో ఒక మహలు ఉండే అవకాశం ఎక్కువ. మన తెలంగాణ పల్లెల్లో దొరల గడీలు చూసిన వారికి ఈ ఏర్పాట్లు కొత్తగా అనిపించవు.

రోజు, వేళ

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తక్కువ కాబట్టి అదే అనువైన కాలమని అందరికీ తెలుసు. తెలియక చాలామంది పొరబడేది వారం విషయంలో. చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం మూడింటికీ శుక్రవారమే సెలవు. ఆదివారం మ్యూజియాలు తెరిచే ఉంటాయి కానీ ప్రభుత్వ ప్రాంగణాల్లో అనుమతి ఇవ్వగల అధికారి ఒక్కరూ దొరకరు. మంగళ, బుధ, గురువారాల్లో ఏ రెండు రోజులనైనా కేటాయించుకుంటే రెండు చిక్కులూ తప్పుతాయి. ఒక రోజు మూసీకి దక్షిణాన, ఒక రోజు ఉత్తరాన తిరగవచ్చు.

పాతబస్తీకి మాత్రం పొద్దున్నే చేరుకోవాలి. అక్కడ దుకాణాలు పదకొండు దాటితే గాని పూర్తిగా తెరుచుకోవు. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా షట్టర్లు దించి, తోపుడు బండ్లు రాక, పరదాలు కట్టక ముందు దర్వాజాల అసలు రూపం కనిపిస్తుంది. మధ్యాహ్నం అదే చోటికి వెళితే బట్టల మూటల వెనక కమాను సగమే కనబడుతుంది. రంజాన్ నెల సాయంత్రాలు చార్మినార్ చుట్టుపక్కల అడుగు తీసి అడుగు వేయలేరు. మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం ఊరేగింపు ఉంటుంది, బోనాలప్పుడు లాల్ దర్వాజా వైపు, గణేశ నిమజ్జనం రోజున చార్మినార్ దారి అంతా రద్దీయే. ఆ రోజుల్లో ఊరేగింపు చూడటానికి వెళ్లండి, భవనాలు మరో రోజు చూసుకోండి.

మూసీకి దక్షిణాన ఒక రోజు

అఫ్జల్‌గంజ్ వైపు నుంచి నది దాటి, మదీనా కూడలి దగ్గర దిగి నడక మొదలుపెట్టడం మంచిది. అక్కడి బట్టల మార్కెట్ల మధ్య ఎత్తైన పాత దర్వాజాలు కనిపిస్తాయి. అవి సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీవి. ఇప్పుడు మనం నది ఒడ్డున చూస్తున్న మ్యూజియం 1951 డిసెంబరులో మొదట తెరిచింది ఈ దేవిడీలోనే. 1968లో ప్రస్తుతపు భవనానికి మార్చారు. దేవిడీ పోయింది, దర్వాజాలు మిగిలాయి. ఏనుగు మీద అంబారీతో సహా లోపలికి వెళ్లగలిగే ఎత్తులో కమాను కట్టారని గమనించండి. ఇప్పుడు దాని కిందుగా సరుకుల ఆటోలు వెళుతున్నాయి.

అక్కడి నుంచి మీర్ ఆలం మండీ మీదుగా పురానీ హవేలీకి నడిచి వెళ్లవచ్చు. ఈ రోజుకు ఇదే ముఖ్యమైన మజిలీ కాబట్టి ఇక్కడ గంటన్నర తగ్గకుండా ఉండండి. కుతుబ్ షాహీల పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ నివాసంగా చెప్పే ఈ చోటును రెండో నిజాం తన కుమారుడు సికందర్ జా కోసం తీసుకున్నాడు. సికందర్ జా కొంతకాలం ఉండి చౌమహల్లాలోని ఖిల్వత్‌కు మారిపోయిన తర్వాత ఇది పాత హవేలీ, అంటే పురానీ హవేలీ అయింది. ఎదురెదురుగా సాగే రెండు పొడవాటి పార్శ్వాలు, వాటిని కలుపుతూ ప్రధాన భవనం, ఇదీ దీని రూపం. ఒక పార్శ్వంలో 2000 సంవత్సరంలో తెరిచిన నిజాం మ్యూజియం ఉంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవానికి వచ్చిన వెండి కానుకలు, అత్తరు సీసాలు, ఆ ఉత్సవం కోసం చేయించిన సింహాసనం అందులో ఉంచారు. 2018 సెప్టెంబరులో ఇక్కడి బంగారు టిఫిన్ డబ్బా దొంగలపాలై, కొద్ది రోజులకే పోలీసులకు దొరికిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అయితే నన్ను మళ్లీ మళ్లీ అక్కడికి లాక్కెళ్లేది వెండి సామాను కాదు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల అల్మరాలు. నూటయాభై అడుగులకు పైబడిన పొడవున, రెండు అంతస్తులుగా, నడవాకు రెండు వైపులా టేకు తలుపులు వరుసగా నిలబడి ఉంటాయి. వేసుకున్న బట్ట ఆయన మళ్లీ వేసుకోలేదని చెప్పుకుంటారు. ఆ నడవాలో ఒక మూల చేత్తో నడిపే కర్ర లిఫ్టు ఉంది. పై నుంచి తాళ్లు లాగితే పైకి వెళ్లే ఏర్పాటు. చాలామంది అల్మరాల ముందు ఫొటో దిగి లిఫ్టు చూడకుండానే వెళ్లిపోతారు. దాని దగ్గర నిలబడి ఒక్క క్షణం ఆలోచించండి. లోపల రాజు నిలబడితే, ఆ తాడు లాగడానికి ఎందరి చేతులు సిద్ధంగా ఉండేవో! ఈ ఇల్లు ఎలా నడిచిందో ఆ చిన్న పెట్టె చెప్పినంత బాగా సింహాసనం చెప్పదు. హవేలీ ఆవరణలో విద్యాసంస్థలు నడుస్తున్నాయి, పక్కనే ఏడో నిజాం కోడలు దుర్రు షెహవార్ పేరిట ఆసుపత్రి ఉంది. పిల్లలు తరగతుల్లో ఉన్న వేళ ఆ వైపు గుంపుగా వెళ్లవద్దు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఖిల్వత్ దాటి హుస్సేనీ ఆలం వైపు వెళితే ఖుర్షీద్ జా దేవిడీ వస్తుంది. పైగా వంశంలోని మూడు శాఖలు ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా పేర్లతో నడిచాయి. నిజాం తర్వాత అంతటి జాగీర్లున్నది వీరికే; నిజాం కుమార్తెలు వీరి ఇళ్లకు కోడళ్లుగా వచ్చారు. ఖుర్షీద్ జా దేవిడీకి ఐరోపా పద్ధతిలో ఎత్తైన స్తంభాల వరుసతో ముఖభాగం ఉంది. చాలా ఏళ్లు పాడుబడి, ముందున్న మైదానంలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటూ ఉండేవారు. మరమ్మతు పనులు నడిచే రోజుల్లో లోపలికి పోనివ్వరు, అడగవద్దు కూడా. దూలాల కింద నిలబడటం ప్రమాదం.

ఈ స్తంభాల విషయంలో ఒక్కటి దగ్గరగా చూడాలి. దూరానికి రాతి స్తంభాలుగా కనిపించినా, పెచ్చు ఊడిన చోట లోపల ఇటుక కనిపిస్తుంది. ఇటుక మీద గానుగలో నూరిన సున్నం మందంగా ఒక పూత, దాని మీద సన్నని సున్నం, ఆపైన మెరుగు. వేలి గోరుతో తట్టి చూడవలసిన పని లేదు. పక్కకు వంగి వెలుతురుకు అడ్డంగా చూస్తే పొర మీద పొర కనబడుతుంది. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి రోజుల తరబడి నానబెట్టిన సున్నం నూరేళ్లు దాటాక కూడా ఆ పై పొరలో నున్నగా ఉంటుంది. ఆ పక్కనే ఎవరో సిమెంటుతో అతుకు వేసిన చోటు కూడా ఉంటుంది. సున్నపు గోడ చెమ్మను పీల్చుకొని వదిలేస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది కాబట్టి అతుకు చుట్టూ గోడ ఉబ్బి రాలుతుంది. పాత భవనాన్ని బాగు చేశామని చెప్పినప్పుడు దేనితో బాగు చేశారు అని అడగడం అలవాటు చేసుకోండి. ఆ సున్నపు పనితనం తన నిండు రూపంలో చూడాలంటే సంతోష్‌నగర్ దగ్గర ఉన్న పైగా సమాధులకు మరో పూట వెళ్లాలి. మహలు కాకపోయినా అక్కడి జాలీల, అంటే రంధ్రాల అల్లిక తెరల ముందు ఎంత సేపు నిలబడినా తనివి తీరదు.

తిరుగు దారిలో షా అలీ బండ గడియారపు స్తంభం చూసి ఆ రోజుకు ముగించవచ్చు. 1904లో రాయ్ రాయన్ కుటుంబం కట్టించిన స్తంభం అది. వారి దేవిడీ గుర్తుగా అదే ముందుకు నిలబడి ఉంది.

కింగ్ కోఠీ

దీన్ని విడిగా చెప్పాలి. ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని పేరు పడ్డ ఏడో నిజాం పట్టానికి వచ్చాక చౌమహల్లాలో కాకుండా ఇక్కడే ఉన్నాడు. 1967 ఫిబ్రవరి 24న ఇక్కడే కన్నుమూశాడు. ఈ ఇల్లు ముందు కమాల్ ఖాన్ అనే నవాబుది. తలుపుల మీద, కిటికీల మీద ఆయన పేరులోని ‘కె.కె.’ అన్న రెండు పొడి అక్షరాలు చెక్కి ఉండటంతో వాటిని చెరపకుండా సరిపోయే పేరు వెతికారని, అలా కింగ్ కోఠీ అయిందని చెబుతారు. తూర్పు వైపున ఉన్న ఉస్మాన్ మాన్షన్ పోయి ఆ స్థలంలో ప్రభుత్వ ఆసుపత్రి వచ్చింది. పడమటి భాగం నజ్రీ బాగ్. అందులో వ్యాజ్యాలు, తాళాలు ఉన్నాయి కాబట్టి లోపలికి వెళ్లే ప్రయత్నం చేయవద్దు.

బయట నుంచి చూడవలసింది పరదా గేటు. అక్కడ ఎప్పుడూ ఒక తెర వేలాడుతూ ఉండేది. నిజాం ఇంట్లో ఉంటే అది దించి ఉండేది, బయటికి వెళితే ఎత్తి ఉండేది. దారిన పోయేవారికి ఆ తెరే సమాచారం. గేటు ముందు నిలబడి తెర లేని ఆ ఖాళీ చూశాక, రోడ్డుకు అవతల ఉన్న మస్జిద్-ఎ-జూదీకి నడవండి. రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా సమాధులు మక్కా మసీదు ఆవరణలో ఉన్నాయి. ఏడో నిజాం మాత్రం ఇంటి ఎదుటి ఈ చిన్న మసీదులో తల్లి పక్కన తన సమాధి ఉండాలని కోరుకున్నాడు. అన్ని మహళ్లున్న మనిషి చివరికి ఎంచుకున్న చోటు ఎంత సాదాగా ఉందో వెళ్లినవారికే తెలుస్తుంది. నమాజు వేళల్లో కాకుండా మిగతా సమయంలో, తల కప్పుకొని, చెప్పులు విడిచి వెళ్లాలి.

మెట్రోలో రెండో రోజు

మూసీకి ఉత్తరాన ఉన్న భవనాలు దాదాపు అన్నీ మియాపూర్ - ఎల్బీ నగర్ మెట్రో మార్గం వెంబడే ఉండటం మన అదృష్టం. ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ, మలక్‌పేట అని స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ దిగి ఎక్కితే సరిపోతుంది.

ఎర్రమంజిల్ గుట్ట మీద నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన భవనానికి ఫారసీలో స్వర్గవనమని అర్థం వచ్చే ఇరమ్ పేరు పెట్టారు. గుట్ట మట్టి ఎర్రగా ఉండటం వల్ల తెలుగువారి నోట అది ఎర్రమంజిల్ అయి, రెండు భాషల్లోనూ అర్థం కుదిరింది. నూటయాభై గదులున్న మహలని ప్రతీతి. తర్వాత చాలాకాలం నీటిపారుదల, రోడ్లు-భవనాల శాఖల కార్యాలయాలు ఇందులో నడిచాయి. 2019లో దీన్ని కూల్చి కొత్త శాసనసభ కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. పౌరులు కోర్టుకు వెళ్లారు. ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఈ భవనం ముందు నిలబడినప్పుడు ఆ తీర్పును తలుచుకోకుండా ఉండలేను. గోడల మీద పూలతీగల సున్నపు పని, మెట్ల తీరు బయటి నుంచే చూడవచ్చు. లోపలికి వెళ్లాలంటే పనిదినాన పదకొండు తర్వాత అక్కడున్న అధికారిని అడిగి, ఆయన సరే అంటేనే వెళ్లాలి.

ఖైరతాబాద్ దగ్గరి బెల్లా విస్టా, అసెంబ్లీ వెనక నౌబత్ పహాడ్ వద్ద ఉన్న హిల్ ఫోర్ట్ ప్యాలెస్, ఈ రెండింటినీ జంటగా చూడాలి. ఏడో నిజాం కుమారులు ఆజం జా, ముఅజ్జం జా 1931 నవంబరు 12న ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఒకే రోజున పెళ్లి చేసుకున్నారు. పెద్దవాని భార్య తుర్కీ ఉస్మానీ (ఒట్టోమన్) వంశపు చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రు షెహవార్. చిన్నవాని భార్య అదే వంశానికి చెందిన నీలోఫర్. బేరారు యువరాజైన ఆజం జా బెల్లా విస్టాలో ఉన్నాడు. 1957 నుంచి అది అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ప్రాంగణం. చెట్ల నీడలో, శుభ్రంగా, వాడుకలో ఉన్న భవనం. ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకోవడమే ఇక్కడ పద్ధతి. ముఅజ్జం జా ఉన్న హిల్ ఫోర్ట్‌ను 1915లో న్యాయమూర్తి సర్ నిజామత్ జంగ్ తాను చదువుకున్న కేంబ్రిడ్జ్ ట్రినిటీ కళాశాలను గుర్తు చేసుకుంటూ కట్టించుకున్నాడు. తర్వాత అది రిట్జ్ హోటలయింది, ఆ తర్వాత మూతబడింది. ఒకే తరంలో అన్నదమ్ములున్న రెండు ఇళ్లలో ఒకదానికి కొత్త పని దొరికింది, రెండోది ఏళ్ల పాటు పని లేక శిథిలమైంది. ఆ తేడాను గోడల మీదే చదువుకోవచ్చు. హిల్ ఫోర్ట్‌ను గేటు బయటి నుంచే చూసి, అక్కడి నుంచి బాగె ఆమ్‌లోకి, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లోకి వెళితే 1913 నాటి జూబ్లీ హాలు ఉంటుంది. ముందు రోజు పురానీ హవేలీలో చూసిన సింహాసనం వేసి రజతోత్సవం జరిపింది ఇక్కడే.

మలక్‌పేట వైపు వెళ్లే ఓపిక ఉంటే 1885లో సర్ ఆస్మాన్ జా కట్టించిన ఆస్మాన్ గఢ్ ఉంది. నల్లరాతితో, బురుజులతో, ఐరోపా కోటను తలపించేటట్టు గుట్ట మీద కట్టారు. మూసారాంబాగ్ స్టేషన్‌లో దిగి టీవీ టవర్ వైపు వెళ్లాలి. ఇప్పుడు అందులో బడి నడుస్తోంది కాబట్టి పిల్లలు వెళ్లిపోయిన తర్వాతే, అదీ యాజమాన్యం ఒప్పుకుంటేనే. లేదంటే దిగువ రోడ్డు మీద నుంచి బురుజులు చూసి వెనుదిరగాలి.

బేగంపేటలో పైగా ప్యాలెస్ ఉంది. ఫలక్‌నుమాను ఆరో నిజాంకు అప్పగించిన తర్వాత వికారుల్ ఉమ్రా తన కోసం కట్టించుకున్న ఇల్లది. 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ ఇందులో ఉండేది. దానికి దగ్గరలోనే 1906లో పూర్తయిన స్పానిష్ మసీదు. మెట్రో రసూల్‌పురా దగ్గర ఆగుతుంది. సాయంత్రపు ఎండలో ఆ మసీదు గోపురాలు చూడటానికే వెళ్లవచ్చు.

అడగడం ఎలా

పాతబస్తీలోని చాలా దేవిడీల్లో ఇప్పటికీ కుటుంబాలు ఉంటున్నాయి. అది మనకు చారిత్రక కట్టడం, వారికి ఇల్లు. గేటు తీసి ఉంది కదా అని లోపలికి నడవకూడదు. పెద్ద దర్వాజాలో ఉండే దిడ్డి తలుపు దగ్గర నిలబడి, లోపల ఎవరున్నారో పిలిచి, సలాం చెప్పి, “చాచా, దేవిడీ దేఖ్‌నే కూ ఆయే” అంటే చాలు. తెలుగులో అడిగినా అర్థం చేసుకుంటారు. ఇద్దరు ముగ్గురికి మించి వెళ్లవద్దు. జనానా వైపు ఆడవారు ఎవరైనా మనతో ఉంటేనే, వారిని మాత్రమే రమ్మంటారు. మగవారు వాకిట్లో ఆగాలి. ముందే డబ్బు చేతిలో పెట్టడం చాలాచోట్ల అవమానంగా తీసుకుంటారు. కూర్చోబెట్టి చాయ్ ఇస్తే వద్దనకుండా తాగండి.

కార్యాలయాలకు, సంస్థలకు మాత్రం కాగితం కావాలి. మీ పేరు, ఊరు, ఎందుకు చూడాలనుకుంటున్నారు, ఎందరు వస్తారు, ఏ రోజు, ఫొటోలు తీస్తారా లేదా అన్నవి అరపేజీలో తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి, గుర్తింపు కార్డు నకలు జతచేసి వారం ముందుగా ఇవ్వండి. రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి; గేటు దగ్గర కాపలాదారు మాటకన్నా ముద్రను ఎక్కువ నమ్ముతాడు. ఒక ప్రాంగణంలో నోటి మాట మీద నమ్మకం పెట్టుకొని కెమెరాతో వెళ్లాను. అనుమతి ఇచ్చినాయన ఆ రోజు సెలవులో ఉన్నాడు. తీసిన ఫొటోలన్నీ అక్కడే నిలబెట్టి తుడిపించారు. తప్పు నాదే కాబట్టి మాట్లాడలేదు; అప్పటి నుంచి కాగితం లేకుండా కదలడం లేదు. ట్రైపాడ్, డ్రోన్ల ఊసే ఎత్తవద్దు. ఫోనుతో తీసే ఫొటోకు అభ్యంతరం లేని చోట కూడా ట్రైపాడ్ చూడగానే సినిమా షూటింగ్ అనుకొని వెళ్లిపొమ్మంటారు.

లేని భవనాలకు కూడా చోటివ్వండి

పాత పుస్తకాల్లో, పాత ఫొటోల్లో చూసి వెతుక్కుంటూ వెళ్లేవారికి నిరాశ తప్పని చోట్లు కొన్ని ఉన్నాయి. ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ పేరు మాత్రమే కూడలికి మిగిలింది. చార్మినార్ దగ్గర దస్తావేజులు చూసిన మాథుర్ కాయస్థుల మాల్వాలా ప్యాలెస్‌ను 2000లో కూల్చేశారు. ఆరో నిజాం కాలపు సైఫాబాద్ ప్యాలెస్ పాత సచివాలయంలో జీ బ్లాక్‌గా ఉండి 2020 జులైలో మిగతా బ్లాకులతో పాటు నేలమట్టమయింది. ఆ దారిన వెళ్లినప్పుడు ఫోనులో ఒక పాత ఫొటో తెరిచి, అదే చోట నిలబడి పోల్చి చూడండి. ఏ చెట్టు అలాగే ఉంది, ఏ ప్రహరీ గోడ ముక్క మిగిలింది అని వెతకడంలోనే చాలా సంగతులు బయటపడతాయి.

వెంట ఒక నోటు పుస్తకం ఉంచుకొని, చూసిన ప్రతి దర్వాజాకు తేదీ, వీధి, తలుపు కర్రదా ఇనుపదా, కమాను కోసుగా ఉందా గుండ్రంగా ఉందా, సున్నమా సిమెంటా అన్నవి రాసుకోండి. కోసు కమానులు, చెక్క స్తంభాలు ఎక్కువగా పాత పద్ధతివి. గుండ్రని కమానులు, ముక్కోణపు నెత్తి, వరుస స్తంభాలు 19వ శతాబ్దంలో ఐరోపా ప్రభావంతో వచ్చినవి. ఒకే ఇంట్లో రెండూ ఉంటే ఆ ఇల్లు రెండు తరాల్లో పెరిగిందన్నమాట.

చివరగా, తీసిన ఫొటోల్లో మంచిది ఒకటి ప్రింటు వేయించి, లోపలికి రానిచ్చిన మనిషికి తీసుకెళ్లి ఇవ్వండి. ఒక దేవిడీలో తలుపు తీసిన పెద్దాయనకు రెండు నెలల తర్వాత నేను అలా ఇచ్చాను. ఆయన దాన్ని కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి తాళాల గుత్తి తెచ్చి, మొదటిసారి మూసి ఉన్న మేడ మీది గది తెరిచాడు. అక్కడ పాత అద్దాల కిటికీ నుంచి పడుతున్న ఎర్ర, నీలి వెలుతురులో, నేల మీద ఆయన మనుమలు కూర్చొని హోంవర్కు చేసుకుంటున్నారు.